రంది దింపుకునే చోటు ఊరికొకటి కావాలి

రైతు ప్రాణం తీసుకున్న ఇంటికి ఎందరు వస్తారో ఒకసారి లెక్కపెట్టండి. ముందు పోలీసులు పంచనామాకు వస్తారు. తర్వాత తహసీల్దారు కార్యాలయం నుంచి వస్తారు. ఎక్స్‌గ్రేషియాకు దరఖాస్తు పెడితే ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుడు ఉండే త్రిసభ్య కమిటీ వస్తుంది. అప్పు పత్రాలున్నాయా, పాసుపుస్తకం ఎవరి పేరున ఉంది, తాగుడు అలవాటుందా అని అడుగుతుంది. పత్రికల వాళ్లు వస్తారు, పార్టీల వాళ్లు వస్తారు. రైతు సంఘంగా మేమూ వెళతాం, కాగితాలు కూడగట్టడానికి ఆ ఇంటి ఆడబిడ్డకు తోడుంటాం. అదే మనిషి బతికి ఉన్నప్పుడు, నెలల తరబడి నిద్ర లేక మంచంలో దొర్లుతున్నప్పుడు, ఆ గడప తొక్కింది ఎవరు? చాలా ఇండ్లలో అప్పు ఇచ్చినవాడు ఒక్కడే.

మేము చెప్పదలచింది సూటిగా చెబుతాం. ఊరికొకటి, కాకుంటే రెండు మూడు ఊళ్లకు కలిపి ఒకటి, కూర్చునే చోటు కావాలి. అక్కడ చాయ్ దొరకాలి, పేపరు దొరకాలి, ఇయ్యాళ మార్కెట్లో పత్తి ఎంత పోయిందో తెలియాలి, బ్యాంకు నోటీసు చదివి విడమరిచి చెప్పేవాళ్లుండాలి. వాళ్ల మధ్యనే, మనసులో బరువు చెప్పుకుంటే వినేందుకు శిక్షణ పొందిన మన ఊరి మనిషి ఉండాలి. ఇవన్నీ తలా ఒక ఆఫీసులో కాదు, ఒకే కప్పు కింద ఉండాలి. గిట్టుబాటు ధర, రుణమాఫీ, కౌలు రైతు గుర్తింపుతో పాటు ఇది కూడా రైతు ఉద్యమం ఎత్తుకోవలసిన డిమాండని మా అభిప్రాయం.

మాట ఉంది, చోటు లేదు

మన పల్లెల్లో డిప్రెషన్ అని ఎవరూ అనరు. "రంది పెట్టుకున్నడు" అంటారు. "మనసు మనసుల లేదు", "కండ్లకు నిద్ర లేదు", "తిన్నది ఒంటికి పడ్తలేదు" అంటారు. అటు ఆంధ్ర జిల్లాల్లో దిగులు, బెంగ అంటారు. అంటే బాధకు పేరు పెట్టుకునే మాట మనకు ఎప్పటినుంచో ఉంది. ఆ మాట పట్టుకుని పోవడానికి చోటే లేదు.

రంది పట్టిన మనిషి ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతాడు. ఆయన బలానికి సెలైన్ ఎక్కించి, నిద్రకు గోలీ ఇచ్చి పంపుతాడు. కొందరు గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుంటారు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడు ఉన్నాడని తెలిసినా పోరు. తెలంగాణలో ఒకరినొకరు తిట్టుకోవాలంటే "ఎర్రగడ్డకు పంపాలె" అంటాం. అంత పెద్ద ఆసుపత్రి పేరు మన నోట్లో తిట్టుగా మారిపోయింది. ఆ తిట్టు వింటూ పెరిగిన మనిషి, బిడ్డ పెండ్లికి ఉన్న మనిషి, ఆ బోర్డు ఉన్న గదిలోకి నలుగురూ చూస్తుండగా ఎట్లా పోతాడు?

బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. రుగ్మతను బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందడం లేదని ఆ సర్వే తేల్చింది. లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేని దేశం మనది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లోనే మొదలైంది. కార్యక్రమం జిల్లా కేంద్రంలో ఉంది, రంది పల్లెలో ఉంది. మధ్యలో ఉన్న బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి, నలుగురి నోళ్లు దాటడం రైతు వల్ల కావడం లేదు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 ఒక్క సంవత్సరంలో దేశంలో వ్యవసాయం మీద బతికేవాళ్లు 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో సాగుదారులు 5,207 మంది, వ్యవసాయ కూలీలు 6,083 మంది. కూలీల సంఖ్యే ఎక్కువగా ఉందని గమనించాలి. కౌలుకు చేసేవాళ్లు, పట్టా తమ పేరున లేని మహిళా రైతులు ఈ లెక్కల్లో ఏ గడిలో పడతారో, అసలు పడతారో లేదో, రాసుకునే పోలీసు మీద ఆధారపడి ఉంటుంది.

కూర్చునే చోట్లు ఏమయ్యాయి?

ఊళ్లో ఒకప్పుడు రచ్చబండ ఉండేది. పొద్దుగూకితే నలుగురు చేరేవాళ్లు. వాన సంగతి, ఎడ్ల సంగతి, ఎవరింట్లో ఎవరికి బాగలేదో ఆ సంగతి, అన్నీ అక్కడే తెలిసేవి. రెండు రోజులు ఒక మనిషి రాకపోతే "ఏమైందిరా వానికి" అని ఒకరు లేచి వెళ్లేవాళ్లు. రచ్చబండ మీద అందరికీ సమాన చోటు ఉండేదని మేము అనడం లేదు. దళితులకు అక్కడ కూర్చునే హక్కు లేదు, ఆడవాళ్లకు అసలే లేదు. పాతదాన్ని తిరిగి తెమ్మని అడగడం లేదు. అది చేసిన ఒక మంచి పని, మనిషి కనిపించకపోతే పట్టించుకునే పని, ఇప్పుడు ఎవరూ చేయడం లేదని మాత్రమే అంటున్నాం.

మన తెలంగాణ చరిత్రలో కలిసి కూర్చోవడం చిన్న విషయం కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టిన తర్వాత ఊళ్లలో గ్రంథాలయాలు లేచాయి. నిజాం కాలంలో సభ పెట్టాలంటే అనుమతి కావాలి. పుస్తకం చదువుకోవడానికని చేరిన జనమే తమ బాధలు మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ఆంధ్ర మహాసభ వచ్చింది, సంఘాలు వచ్చాయి. వెట్టి చేసే మనిషి "ఇది నా ఒక్కడి రాత కాదు" అని తెలుసుకున్నది నలుగురి మధ్య కూర్చున్నప్పుడే.

ఇప్పుడు పల్లెలో మగవాళ్లకు మిగిలిన కూడలి బెల్టు షాపు. మనసు విప్పి మాట్లాడుకునేది అక్కడొక్క చోటే. రాత్రి చెప్పుకున్న మాట తెల్లారేసరికి గుర్తుండదు. రందిని మందు దించుతుందనుకుంటారు కానీ ఇంకా పెంచుతుంది, పైగా ఇంట్లో కొట్లాట తెస్తుంది. ఆడవాళ్లకు మహిళా సంఘం మీటింగు ఉంది. అది మంచి ఏర్పాటే. కానీ మీటింగంతా కిస్తీ చుట్టే తిరుగుతుంది. కిస్తీ కట్టలేని ఆమె ఆ మీటింగుకే మొహం చాటేస్తుంది. అవసరం ఎవరికి ఎక్కువ ఉందో వాళ్లే బయట ఉండిపోతారు.

సెల్‌ఫోన్ వచ్చి మనుషులు ఇండ్లల్లో ఉండిపోయారని అందరూ అంటారు. అది కొంత నిజం. అంతకన్నా పెద్ద కారణం అప్పే. అప్పున్న మనిషి చాయ్ హోటల్ దగ్గరికి రాడు, ఎందుకంటే అక్కడే ఎరువుల దుకాణం ఉంటుంది. పెండ్లికి పోడు, కట్నం చదివించాలి. బంధువుల ఇంటికి పోడు, అడిగిన బదులు తీర్చలేదు. నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయల మిత్తి పెరుగుతున్న కొద్దీ ఊళ్లో అతను నడిచే దారులు తగ్గిపోతాయి. పంట పోవడం ఒక దెబ్బ. మనుషులు పోవడం రెండో దెబ్బ.

కట్టిన గోడలున్నాయి

చోటు కోసం కొత్తగా కోట్లు అడగనక్కర్లేదు. తెలంగాణలో సుమారు ఐదు వేల ఎకరాలకు ఒక క్లస్టర్ చొప్పున 2,601 రైతు వేదికలు కట్టారు. ఒక్కోదానికి 22 లక్షల రూపాయలు పెట్టారు. మొదటిదాన్ని 2020 అక్టోబర్ 31న జనగామ జిల్లా కొడకండ్లలో ప్రారంభించారు. రైతులు కూర్చుని మాట్లాడుకోవాలి, పంటలు నిర్ణయించుకోవాలి అన్నదే వాటి ఉద్దేశంగా చెప్పారు. 2024 మార్చిలో రైతు నేస్తం పేరుతో కొన్ని వేదికల్లో శాస్త్రవేత్తలతో తెర మీద మాట్లాడే ఏర్పాటు మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 మేలో మొదలైన రైతు భరోసా కేంద్రాలు, ఇప్పటి రైతు సేవా కేంద్రాలు, పది వేలకు పైగా ఉన్నాయి.

ఇవి విత్తనాలకు, ఎరువులకు, అధికారుల సమావేశాలకు పనికొస్తున్నాయి. అది అవసరమే. రైతుకు తీరిక దొరికేది మాత్రం పొద్దుగూకిన తర్వాత. ఆఫీసు వేళ ముగిసి తలుపు మూశాక మన పేరు మీద కట్టిన ఇల్లు మనకు పనికిరాకుండా పోతుంది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఆ తలుపు తెరిచి ఉంచమని మేము అడుగుతున్నాం.

బయట చేసి చూపించారు

ఇట్లాంటివి కుదరవని కొట్టిపారేసేవాళ్లకు రెండు మూడు సంగతులు చెప్పాలి.

ఆఫ్రికాలో జింబాబ్వే దేశం ఉంది. మనకన్నా పేద దేశం, మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. డిక్సన్ చిబండ అనే వైద్యుడి దగ్గరికి రావలసిన ఒక యువతి, బస్సు ఛార్జీ లేక రాలేకపోయి ప్రాణం తీసుకుంది. ఆ తర్వాత 2006లో ఆయన రాజధాని హరారేలోని ఒక పేదల వాడలో 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చాడు. క్లినిక్‌లో గది ఇవ్వడం కుదరదంటే బయట చెట్టు కింద చెక్క బెంచీ వేయించాడు. వచ్చిన మనిషి ఆ బెంచీ మీద అవ్వ పక్కన కూర్చుని బాధ చెప్పుకుంటాడు. అవ్వ సలహాలు గుప్పించదు. ఉన్న కష్టాల్లో ముందు ఏది పట్టుకుందామో అతనితోనే చెప్పిస్తుంది, వారానికి ఒక అడుగు వేయిస్తుంది. అక్కడి షోనా భాషలో ఆ బాధకు వాళ్లు పెట్టుకున్న పేరుకు అర్థం "అతిగా ఆలోచించడం". అచ్చం మన రందే. బెంచీ మీద మాటలు ముగిశాక మనిషిని ఇంటికి పంపి వదిలేయరు. తోటివాళ్ల బృందంలో కలుపుతారు. అక్కడ సంచులు అల్లుతూ మాట్లాడుకుంటారు, నాలుగు డబ్బులు కూడా వస్తాయి.

దీని ఫలితాన్ని 573 మంది మీద పరీక్షించి చూశారు, ఆ లెక్కలు 2016లో అచ్చయ్యాయి. ఆరు నెలల తర్వాత, మామూలు వైద్యం పొందినవాళ్లలో దాదాపు సగం మందికి డిప్రెషన్ లక్షణాలు మిగిలి ఉన్నాయి. బెంచీ మీద కూర్చున్నవాళ్లలో నూటికి 14 మందికే ఉన్నాయి.

అంత దూరం ఎందుకు, మన పక్కన విదర్భలో, మనలాగే పత్తి పండించే అమరావతి జిల్లాలో 30 ఊళ్లలో విశ్రామ్ అనే కార్యక్రమం నడిచింది. ఊరి నుంచే మనుషులను తీసుకుని శిక్షణ ఇచ్చారు. వాళ్లు ఇంటింటికీ తిరిగి, చిన్న సమావేశాలు పెట్టి మాట్లాడారు. ముదిరిన వాళ్లను వైద్యుడి దగ్గరికి చేర్చారు. మొదట్లో కుంగుబాటులో ఉన్న నూరు మందిలో నలుగురైదుగురు మాత్రమే సాయం కోసం వచ్చేవాళ్లు. ఏడాదిన్నరలో ఆ సంఖ్య 27కు పెరిగింది. చనిపోవాలన్న ఆలోచన వచ్చినవాళ్లు 5.2 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గారు. ఈ లెక్కలు 2017లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో అచ్చయ్యాయి.

ఆస్ట్రేలియాలో మగవాళ్ల కోసం షెడ్లు ఉన్నాయి. మెన్స్ షెడ్ అంటారు. వెయ్యికి పైగా ఉన్నాయి. రిటైరైనవాళ్లు, రైతులు, ఒంటరివాళ్లు అక్కడ చేరి వడ్రంగం చేస్తారు, పాత యంత్రాలు బాగుచేస్తారు. మగవాడు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పడు, పక్కపక్కన పని చేస్తుంటే మెల్లగా చెబుతాడన్నది వాళ్ల అనుభవం. మనకు తెలియనిదా ఇది? నాట్లేసేటప్పుడు, పత్తి ఏరేటప్పుడు ఆడవాళ్లు చెప్పుకునే మాటలు ఇంకెక్కడ చెప్పుకుంటారు?

మన రాష్ట్రంలోనూ ప్రయత్నం జరిగింది. వికారాబాద్ జిల్లాలో 2017లో కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ మొదలైంది. రైతు ఫోన్ చేసి తన కష్టం చెబితే దాన్ని రాసుకుని సంబంధిత శాఖకు పంపడం, అవసరమైతే మనిషి ఇంటికి వెళ్లడం దాని పద్ధతి. పాసుపుస్తకం సమస్య, బ్యాంకు సమస్య, బతుకు మీద విరక్తి, మూడూ ఒకే ఫోన్‌లో వస్తాయని అది గుర్తించింది. మేము అడుగుతున్న కేంద్రానికి పునాది ఈ ఆలోచనే.

"ధర ఇవ్వరా, మాటలు చెబుతారా?"

ఈ మాట మన సంఘాల్లోనే వస్తుంది. రావడం న్యాయమే. రైతు చావుకు కారణం అతని మనసు కాదు, మార్కెట్. కౌన్సెలింగ్ పేరు చెప్పి ప్రభుత్వం తప్పించుకుంటుంది, రేపు ప్రతి చావునూ "మానసిక సమస్య" అని రాసి ఎక్స్‌గ్రేషియా ఎగ్గొడుతుంది అని అంటారు. ఆ ప్రమాదం ఉంది. కుటుంబ కలహాలు, అనారోగ్యం, తాగుడు అని రాసి చేతులు దులుపుకోవడం మనం చాలా కాలంగా చూస్తున్నాం.

కాబట్టి మేము ఒక మాట స్పష్టం చేస్తున్నాం. పెట్టుబడికి తగ్గ ధర, కౌలు రైతుకు గుర్తింపు కార్డు, పంట బీమా, ప్రైవేటు అప్పుల మీద అదుపు, వీటికి బదులుగా ఇది కాదు. రైతు స్వరాజ్య వేదిక 2018లో 692 ఆత్మహత్య కుటుంబాలను అధ్యయనం చేస్తే నూటికి 75 మంది కౌలు రైతులని తేలింది. 2018 ఆగస్టులో వచ్చిన రైతు బీమా పట్టా ఉన్నవాళ్లకే ఐదు లక్షలు ఇస్తుంది. భూమి లేక, బీమా లేక, బ్యాంకు గడప ఎక్కలేక కుంగిన మనిషికి "గట్టిగా ఊపిరి పీల్చుకో" అని చెప్పి పంపితే అది అవమానం.

కానీ ఇంకో వైపు కూడా చూడాలి. మద్దతు ధర చట్టం కోసం ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు 2020 నవంబర్ నుంచి ఏడాదికి పైగా కూర్చున్నారు. నల్ల చట్టాలు వెనక్కి పోయాయి, మద్దతు ధర చట్టం ఇంకా రాలేదు. పోరాటానికి కాలం పడుతుంది. మిర్చి తోట ఎండిపోయిన మనిషికి ఈ రాత్రి గడవాలి. రేపటి ధర్నాకు అతను బతికి ఉండాలి. రంది పట్టిన మనిషి ధర్నాకు కూడా రాడు, కరపత్రం చదవడు, "ఎవరేం చేస్తరు" అని గోడకు తిరిగి పడుకుంటాడు. నలుగురితో కూర్చుని "ఈ తిప్పలు నా ఒక్కడివి కావు, నా చేతగానితనం వల్ల వచ్చినవి కావు" అని తెలుసుకున్న రోజు అతని వెన్ను నిలబడుతుంది. మనసును నిలబెట్టే పనికి, సంఘం కట్టే పనికి మధ్య ఉన్న గోడ మనం అనుకున్నంత ఎత్తు లేదు.

ఎట్లా నడవాలి?

బోర్డు మీద మానసిక అన్న మాట ఉండకూడదు. రైతు వేదిక అనే ఉండాలి. అక్కడికి క్యారమ్స్ ఆడటానికి వచ్చినవాడెవరో, గోస చెప్పుకోవడానికి వచ్చినవాడెవరో చూసేవాళ్లకు తెలియకూడదు. ఆ తేడా కనపడకపోవడమే ఇలాంటి చోటుకు బలం.

వినే మనిషి బయటి నుంచి రావద్దు. ప్రతి కేంద్రానికి ఒక స్త్రీ, ఒక పురుషుడు, అదే ఊళ్లవాళ్లు ఉండాలి. వాళ్లకు శిక్షణ ఇవ్వాలి, గౌరవప్రదమైన వేతనం ఇవ్వాలి. ఆశా వర్కర్ల నెత్తిన ఇంకో పని పెట్టి చేతులు దులుపుకుంటే ఒప్పుకోం. వడ్డీ వ్యాపారం చేసేవాళ్లు, పురుగుమందుల డీలర్లు, పార్టీ పదవుల్లో ఉన్నవాళ్లు ఆ పనికి పనికిరారు. అప్పిచ్చినవాడి ముందు అప్పు రంది చెప్పుకోలేం కదా.

విన్న మాట బయట పడకూడదు. పల్లెలో ఇదే అన్నిటికన్నా కష్టం. ఒక్కసారి మాట పొక్కితే ఆ తలుపు మళ్లీ ఎవరూ తొక్కరు. అందుకే పేర్లు రాసే రిజిస్టరు ఉండకూడదు, అధికారులకు ఇచ్చే నివేదికల్లో సంఖ్యలే ఉండాలి.

వారంలో ఒక రోజు కాగితాల రోజు పెట్టాలి. బ్యాంకు నోటీసు, బీమా, పాసుపుస్తకంలో తప్పులు, కౌలు ఒప్పందం, వితంతు పింఛను చూసిపెట్టాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి మనిషిని పంపమని అడిగే హక్కు మనకుంది. 1987 చట్టం కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. నెలకు రెండుసార్లు జిల్లా మానసిక ఆరోగ్య బృందం అక్కడికే రావాలి. కొందరి రంది మాటలతో తగ్గదు, మందులు కావాలి. బీపీ గోలీ వేసుకున్నట్టే అదీ వేసుకోవాలని నలుగురిలో చెప్పాలి.

ఆడవాళ్లకు వాళ్లు చెప్పిన వేళ ఇవ్వాలి, శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. భర్తను పోగొట్టుకున్న ఆమె అప్పులవాళ్లను, అత్తింటివాళ్లను, ఆఫీసులను ఒంటరిగా ఎదుర్కొంటుంది. ముందు ఆమెకు తలుపు తెరవాలి. పాసుపుస్తకం చూపిస్తేనే లోపలికి రానిస్తామంటే కుదరదు. కౌలుదారు, కూలీ, గొర్లకాపరి, చదువుకుని ఇంటి పట్టున ఉన్న యువకుడు, అందరూ రావాలి. మండువేసవిలో ఒగ్గుకథ చెప్పించండి, బతుకమ్మ రోజుల్లో ఆడబిడ్డలు పాడుకోనివ్వండి, పిల్లలు చదువుకోనివ్వండి. జనం సంతోషానికి రాని చోటుకు దుఃఖానికి కూడా రారు.

పంటకు లాగే రందికీ కాలం ఉంటుంది. జూన్‌లో మొలక రాక రెండోసారి విత్తనాలు కొన్నప్పుడు, ఆగస్టు, సెప్టెంబరులో వానలు ముంచినప్పుడు, పత్తి అమ్మిన డబ్బులు అప్పుకు చాలక సంక్రాంతి ముందు ఇంటికి మనుషులు తిరిగినప్పుడు గట్టిగా కనిపెట్టుకుని ఉండాలి. బ్యాంకు రుణాల గడువు దగ్గరపడే మార్చి కూడా అట్లాంటిదే.

మనం ఇప్పుడే చేయగలిగింది

ప్రభుత్వం తలుపు తెరిచేదాకా ఆగనక్కర్లేదు. రోజూ వచ్చే మనిషి చాయ్ హోటల్‌కు రావడం మానేశాడా, ఫోను ఎత్తడం లేదా, దారి మార్చి తిరుగుతున్నాడా, చేను వైపు పోవడం లేదా, తాగుడు పెరిగిందా, ఉన్నట్టుండి పశువులను, వస్తువులను అమ్మేస్తున్నాడా, "నేను లేకపోతే మీకే నయం" అంటున్నాడా గమనించండి. పోయి పక్కన కూర్చోండి. "అన్నా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే గుండె బరువు తగ్గుతుంది. ఔనంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి.

పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచొద్దు. తమిళనాడులోని కడలూరు జిల్లాలో ఊరంతటికీ కలిపి ఒక చోట తాళాల పెట్టెలు పెట్టి మందులు దాచే పద్ధతిని ప్రయత్నించి చూశారు. శ్రీలంక అత్యంత విషపూరితమైన మందులను ఒకటొకటిగా నిషేధించింది. 1995 నుంచి ఇరవై ఏళ్లలో అక్కడ ఆత్మహత్యలు దాదాపు 70 శాతం తగ్గాయి. ఆ గడ్డు గంట గడిస్తే మనిషి చాలాసార్లు నిలబడతాడు. రైతు వేదికలోనే అట్లాంటి తాళాల గది ఒకటి పెట్టవచ్చు.

పోలీసు కేసవుతుందని భయపడి ఆసుపత్రికి తీసుకుపోకుండా దాచేవాళ్లున్నారు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. అతనికి సంరక్షణ, వైద్యం అందించడం ప్రభుత్వ బాధ్యత. ఈ విషయం ప్రతి ఊళ్లో చెప్పండి.

2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్‌కు 14416 నంబరు మీద ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు ప్రతి ఎరువుల దుకాణం గోడ మీద, ప్రతి పాల కేంద్రం దగ్గర రాయించండి.

మన డిమాండ్లు

1. రైతు వేదికలు, రైతు సేవా కేంద్రాలు ప్రతి రోజు సాయంత్రం రైతులకు, కూలీలకు తెరిచి ఉంచాలి. నిర్వహణ ఖర్చు ప్రభుత్వమే భరించాలి.

2. ప్రతి కేంద్రానికి ఆ ఊళ్లకే చెందిన ఒక స్త్రీని, ఒక పురుషుడిని శిక్షణ ఇచ్చి వేతనంతో నియమించాలి.

3. జిల్లా మానసిక ఆరోగ్య బృందం నెలకు రెండుసార్లు కేంద్రానికి రావాలి. మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరకాలి.

4. వారానికో రోజు అప్పులు, భూమి, బీమా, పింఛన్ల సహాయం అక్కడే అందించాలి. పాసుపుస్తకం లేని కౌలుదారులకు, కూలీలకు సమానంగా అందించాలి.

5. కేంద్రం పర్యవేక్షణ గ్రామసభ ఎన్నుకున్న కమిటీ చేతిలో ఉండాలి. అందులో సగం మంది మహిళలు ఉండాలి, కౌలు రైతులకు, దళితులకు చోటు ఉండాలి.

6. కేంద్రానికి వచ్చి బాధ చెప్పుకున్న విషయాన్ని ఎక్స్‌గ్రేషియా తిరస్కరించడానికి ఎప్పుడూ వాడకూడదని ఉత్తర్వు ఇవ్వాలి.

వచ్చే నెల మండల కమిటీ సమావేశాల్లో ఈ ఆరు అంశాలు చర్చకు పెట్టండి. మీ క్లస్టర్‌లో రైతు వేదిక ఏ వేళ తెరుస్తున్నారు, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, నీళ్లు, కరెంటు, మరుగుదొడ్డి ఉన్నాయా చూసి రాసి జిల్లా కమిటీకి పంపండి. వాటన్నిటినీ కలిపి కలెక్టర్లకు వినతిపత్రం ఇద్దాం. ఈలోగా మీ ఊళ్లో కొద్ది రోజులుగా కనిపించని మనిషి ఎవరైనా గుర్తొస్తే, ఈ పత్రిక పక్కన పెట్టి ఒకసారి వాళ్లింటికి వెళ్లి రండి.